పొలం హాస్టల్‌లో బస.. తోటల్లో పని: లెక్క తెలిసి వెళితేనే లాభం

మల్యాల (కొండగట్టు): విదేశం వెళ్లాలి, ఊళ్లు చూడాలి, దారి ఖర్చులు అక్కడే సంపాదించుకోవాలి. జగిత్యాల జిల్లాలో డిగ్రీ, ఇంజినీరింగ్ పూర్తిచేసిన యువతలో కొంతకాలంగా ఈ ఆలోచన బలపడుతోంది. కొండగట్టు దిగువన నాచుపల్లిలో 2007లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడిన తరువాత ఈ ప్రాంతంలో పట్టభద్రుల సంఖ్య పెరిగింది. తండ్రులు గల్ఫ్‌లో కూలీలుగా కష్టపడి చదివించిన పిల్లలు ఇప్పుడు మరో దిక్కు చూస్తున్నారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024లో భారతీయులకు 'వర్క్ అండ్ హాలిడే' వీసా ద్వారం తెరవడంతో ఈ ఆసక్తి మరింత పెరిగింది.

ఈ వీసాపై వెళ్లినవారిలో చాలామంది చేరేది నగరాల్లోని కార్యాలయాల్లో కాదు. పండ్ల తోటలు, కూరగాయల పొలాల సమీపంలో ఉండే హాస్టళ్లలో చేరతారు. రాత్రి అక్కడ బస, పగలు తోటలో పని. కోత ముగియగానే మరో ఊరు, మరో హాస్టల్. విధానం సరళంగానే కనిపించినా దీని వెనుక వీసా నిబంధనలు, కూలి లెక్కలు, అద్దె బాకీలు, భద్రతా సమస్యలు దాగి ఉన్నాయి. అవి తెలియక బయలుదేరినవారికి గల్ఫ్‌లో మన పెద్దలు పడ్డ ఇబ్బందులే మరో రూపంలో ఎదురుకావచ్చు.

రెండు దారులు.. రెండూ ఒకటి కాదు

పర్యటనలో ఉంటూ పొలంలో పనిచేయడం రెండు రకాలు. మొదటిది కూలి లేని పని. రైతు ఇంట్లోనో, పొలంలోని గదిలోనో బస ఇస్తాడు, భోజనం పెడతాడు. అతిథి రోజుకు కొన్ని గంటలు కలుపు తీయడం, మొక్కలు నాటడం, పశువుల పని వంటివి చేస్తాడు. డబ్బు చేతులు మారదు. ఇంగ్లాండ్‌లో 1971లో స్యూ కోపార్డ్ అనే లండన్ ఉద్యోగిని దీనికి శ్రీకారం చుట్టారు. నగరవాసులు వారాంతాల్లో సేంద్రియ పొలాలకు వెళ్లి పనిచేయాలన్నది ఆమె ఉద్దేశం. తొలి వారాంతం సస్సెక్స్‌లోని ఒక పొలానికి వెళ్లినవారు నలుగురే. అదే 'వూఫ్' పేరుతో క్రమంగా అనేక దేశాలకు విస్తరించింది.

రెండవది కూలికి పని. ఇక్కడ హాస్టల్ ఒక వ్యాపారం. పర్యాటకుడు వారానికింత అని అద్దె కడతాడు. చుట్టుపక్కల రైతులతోనో, కూలీలను సరఫరా చేసే గుత్తేదార్లతోనో హాస్టల్ నిర్వాహకునికి సంబంధాలుంటాయి. రేపు ఏ తోటకు ఎందరు కావాలో సాయంత్రానికి జాబితా వస్తుంది. తెల్లవారుజామున వ్యాను వచ్చి తీసుకువెళుతుంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బండబర్గ్, చిల్డర్స్, బోవెన్, విక్టోరియా రాష్ట్రంలోని మిల్డురా ఇటువంటి పనులకు పేరుపొందిన ఊళ్లు.

ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించకపోవడం వల్లనే ఎక్కువ చిక్కులు వస్తున్నాయి. 'డబ్బు తీసుకోవడం లేదు కదా, పర్యాటక వీసా చాలు' అన్న అభిప్రాయం సరికాదు. న్యూజిలాండ్ వంటి దేశాలు బస, భోజనం కోసం చేసే పనిని కూడా ఉద్యోగంగానే పరిగణిస్తాయి. 2025లో బ్రిటన్‌కు చెందిన ఒక యువతి అమెరికాలో ఒక కుటుంబం వద్ద ఇంటిపని చేస్తూ బస పొందింది. ఆ తరువాత కెనడాకు బయలుదేరగా సరిహద్దులో అధికారులు ఆమె వీసా ఈ పనికి సరిపోదని వెనక్కి పంపారు. అమెరికా అధికారులు ఆమెను 19 రోజులపాటు నిర్బంధ కేంద్రంలో ఉంచి స్వదేశానికి పంపివేశారు. అక్కడ కూలి డబ్బు మాటే లేదు. పని చేసి బస పొందడమే ఆమెకు చిక్కు తెచ్చింది.

వీసా ఎవరికి? ఎంతమందికి?

భారత్, ఆస్ట్రేలియాల మధ్య 2022 ఏప్రిల్‌లో ఆర్థిక సహకార, వాణిజ్య ఒప్పందం కుదిరింది. అదే సంవత్సరం డిసెంబరు 29న అమలులోకి వచ్చింది. అందులో భాగంగా ఏటా 1,000 మంది భారతీయ యువతకు సబ్‌క్లాస్ 462 అనే వర్క్ అండ్ హాలిడే వీసా ఇవ్వడానికి ఆస్ట్రేలియా అంగీకరించింది. వయసు 18 నుంచి 30 సంవత్సరాల మధ్య ఉండాలి. ఇంటర్మీడియెట్ తరువాత కనీసం రెండేళ్లు చదివి ఉండాలి. సాధారణ వ్యవహారానికి సరిపడా ఇంగ్లిషు రావాలి. పాస్‌పోర్టు, పాన్ కార్డు తప్పనిసరి. పిల్లలను వెంట తీసుకువెళ్లడానికి వీలులేదు. తిరుగు ప్రయాణపు ఖర్చు కాక చేతిలో సుమారు 5,000 ఆస్ట్రేలియా డాలర్లు ఉన్నట్లు చూపాలి.

వెయ్యి స్థానాలకు ఎంపిక లాటరీ పద్ధతిలో జరుగుతుంది. దీన్ని బ్యాలెట్ అంటారు. తొలి బ్యాలెట్ 2024 అక్టోబరులో నిర్వహించారు. నమోదు రుసుము 25 డాలర్లు. మొదటి రెండు వారాల్లోనే సుమారు 40 వేల మంది నమోదు చేసుకున్నారని ఆస్ట్రేలియా మంత్రి ప్రకటించారు. అంటే అప్పటికే ఒక్కో స్థానానికి 40 మంది పోటీ. ఎంపికైనవారు మాత్రమే వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. 2024-25లో ఆ దరఖాస్తు రుసుము 650 డాలర్లు. వీసా వచ్చినవారు ఏడాది పాటు ఉండవచ్చు, పనిచేయవచ్చు, నాలుగు నెలల వరకు చదువుకోవచ్చు.

ఇక్కడే ఒక ముఖ్య విషయాన్ని గమనించాలి. ఎంపిక జరిపేది కంప్యూటరు. అందులో ఏజెంటు పాత్ర ఏమీ లేదు. 'బ్యాలెట్‌లో పేరు వచ్చేట్లు చూస్తాం, బయానా ఇవ్వండి' అని ఎవరు చెప్పినా అది మోసమే. దరఖాస్తు నింపడానికి సాయం చేసినందుకు రుసుము అడిగితే అది వేరు, ఎంపికకు హామీ ఇస్తామంటే అది వేరు. గల్ఫ్ 'ఆజాద్ వీసా' పేరుతోనూ, విజిట్ వీసాపై పంపి అక్కడ పని ఇప్పిస్తామన్న మాటలతోనూ మన ప్రాంతంలో ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో వేరుగా చెప్పనక్కరలేదు.

88 రోజుల మెలిక

మొదటి ఏడాది ముగిశాక మరో ఏడాది ఉండాలనుకునేవారు నిర్దేశిత ప్రాంతాల్లో, నిర్దేశిత రంగాల్లో మూడు నెలలు పనిచేసి ఉండాలి. దీన్నే వాడుకలో '88 రోజులు' అంటారు. మూడవ ఏడాదికి ఆరు నెలల పని అవసరం. వ్యవసాయం, పండ్ల కోత ఈ జాబితాలో ప్రధానమైనవి. పొలం హాస్టళ్లకు గిరాకీ ఉండటానికి అసలు కారణం ఇదే.

2015కు ముందు ఉచితంగా చేసిన పొలం పనిని కూడా ఈ లెక్కలో వేసేవారు. దాన్ని అడ్డం పెట్టుకొని కొందరు యజమానులు కూలి ఎగ్గొడుతున్నారన్న ఫిర్యాదులు రావడంతో 2015లో ప్రభుత్వం నిబంధన మార్చింది. ఇప్పుడు చట్టప్రకారం కూలి చెల్లించిన పని మాత్రమే లెక్కలోకి వస్తుంది. అందువల్ల 'కూలి వద్దు, 88 రోజులకు సంతకం చేసి ఇవ్వండి' అన్న ఒప్పందం చెల్లదు. వారానికి ఐదు రోజులు పూర్తిస్థాయిలో పనిచేయడం ఆ రంగంలో రివాజైతే ఆ వారాన్ని ఏడు రోజులుగా లెక్కిస్తారు. వానవల్ల రెండు రోజులే పని దొరికితే రెండు రోజులే లెక్క. అందుకే మూడు నెలల్లో ముగియవలసిన గడువు కొందరికి ఐదారు నెలలు పట్టవచ్చు.

సంతకం యజమాని చేతిలో ఉండటమే ఈ పద్ధతిలోని బలహీనత. అక్కడి కార్మిక హక్కుల సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ ఇదే తరహా సబ్‌క్లాస్ 417 వీసాపై వచ్చిన 4 వేల మందికిపైగా యువతను ప్రశ్నించి 2016లో నివేదిక వెలువరించింది. తమకు కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చారని 35 శాతం మంది చెప్పారు. పల్లెల్లో పని దొరకడానికి ముందుగానే డబ్బు కట్టవలసి వచ్చిందని 14 శాతం మంది, సంతకం కోసం యజమానికి డబ్బు ఇచ్చామని 6 శాతం మంది వెల్లడించారు. చట్టం బలంగా ఉన్న దేశంలోనే పరిస్థితి ఇదైతే, చట్టం తెలియని కొత్తవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించవచ్చు.

కూలి, గుత్త.. మనకు తెలిసిన లెక్కే

పొలం పనికి కూలి రెండు విధాలుగా ఇస్తారు. ఒకటి గంటల లెక్క. రెండవది ఎన్ని బుట్టలు, ఎన్ని పెట్టెలు కోస్తే అంత డబ్బు. ఇది మన గుత్త పద్ధతి వంటిదే. ఇటీవలి సంవత్సరాల్లో కరీంనగర్, జగిత్యాల ప్రాంతాలకు బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమబెంగాల్ నుంచి కూలీలు వచ్చి షెడ్లలో ఉంటూ ఎకరానికింత అని మాట్లాడుకొని వరి నాట్లు వేస్తున్నారు. చేయి తిరిగినవారికి గుత్త లాభం. కొత్తవారికి నష్టం. నాటు వేయడం తెలియని వ్యక్తిని ఆ ముఠాలో నిలబెడితే ఏమవుతుందో, మొదటి వారం స్ట్రాబెర్రీ కోతకు దిగిన మన పట్టభద్రుని స్థితీ అంతే.

ఒకప్పుడు ఆస్ట్రేలియాలో గుత్తకు కనీస హద్దు లేదు. రోజంతా కోసినా గంటకు మూడు నాలుగు డాలర్లు కూడా రాలేదన్న ఫిర్యాదులు వచ్చేవి. కార్మిక సంఘం వేసిన కేసులో ఫెయిర్ వర్క్ కమిషన్ 2021 నవంబరులో తీర్పు ఇచ్చింది. 2022 ఏప్రిల్ 28 నుంచి గుత్త కూలీకి కూడా గంటల లెక్కన కనీస వేతనం తగ్గకుండా ఇవ్వాలి. పనిచేసిన గంటలను యజమాని నమోదు చేయాలి. పనితనం ఉన్న కూలీ కనీస వేతనం కంటే కనీసం 15 శాతం ఎక్కువ సంపాదించగలిగేలా గుత్త రేటు ఉండాలి.

2025 జూలై 1 నుంచి అమలైన జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. తాత్కాలిక కూలీలకు సెలవులు ఉండవు గనుక దానిపై 25 శాతం అదనంగా ఇవ్వాలి. అంటే 31.19 డాలర్లు. ఈ అంకె వినగానే వారానికి 38 గంటలతో గుణించి రూపాయల్లోకి మార్చుకోవడం సహజం. అయితే అసలు లెక్క వేరు.

పని దొరికిన మంచి వారంలో 38 గంటలకు 1,185 డాలర్లు వస్తాయి. ఈ వీసాదారులకు సంవత్సరంలో మొదటి 45,000 డాలర్ల ఆదాయంపై పన్ను 15 శాతం. అది పోగా సుమారు 1,007 డాలర్లు మిగులుతాయి. హాస్టల్ అద్దె వారానికి 200 డాలర్లు అనుకుంటే, భోజనం, వ్యాను ఖర్చులు పోయినా మిగులు బాగానే ఉంటుంది. వాన వచ్చి 15 గంటలే పని దొరికిన వారంలో పన్ను పోగా చేతికి వచ్చేది సుమారు 398 డాలర్లు. అద్దె కడితే 198 మిగులుతాయి. కోత మొదలు కాక మూడు వారాలు ఖాళీగా కూర్చుంటే ఆదాయం సున్న, అద్దె బాకీ 600. హాస్టల్‌లో మంచాలు నిండుగా, తోటల్లో పని కొద్దిగా ఉన్నప్పుడు లాభపడేది నిర్వాహకుడే. కనుక 'పని ఉంది, రండి' అన్న ప్రకటనను నమ్మేముందు ఏ పంట, కోత ఏ వారంలో మొదలవుతుంది, ఇప్పటికే ఎంతమంది వేచి ఉన్నారు అని అడగాలి.

కూలి కాక దానిపై 12 శాతాన్ని యజమాని పదవీ విరమణ నిధిలో జమచేయాలి. దేశం విడిచేటప్పుడు దాన్ని తిరిగి కోరవచ్చు గాని అందులో 65 శాతం పన్నుగా పోతుంది. ఇంటికి పంపగలిగే సొమ్ము లెక్కలో దీన్ని పెద్దగా నమ్ముకోరాదు.

మామిడి తోట తెలిసినవారికి మేలు

జగిత్యాల మామిడికి పేరున్న ప్రాంతం. చల్‌గల్ మార్కెట్ వేసవిలో కిటకిటలాడుతుంది. ఆస్ట్రేలియాలో రుతువులు మనకు ఎదురు. అక్కడ ఉత్తర భాగంలోని డార్విన్, కాథరిన్ ప్రాంతాల్లో మామిడి కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఊపందుకుంటుంది. ఆ తరువాత క్వీన్స్‌లాండ్‌లోని బోవెన్ వైపు సాగుతుంది. కోతను వెంబడించి ఊరూరా తిరిగే పద్ధతి అందుకే ఏర్పడింది.

కాయ తెంపగానే తొడిమ నుంచి చిమ్మే సొన చర్మంపై పడితే బొబ్బలెక్కుతుందని మన తోటమాలికి ఎవరూ చెప్పనక్కరలేదు. నగరం నుంచి వచ్చిన యూరప్ యువకుడు అది మొదటి రోజు ఒంటిమీదికి వచ్చాకే నేర్చుకుంటాడు. పొడవు చేతుల చొక్కా, చేతి తొడుగులు, కాయను తొడిమతో కోసే ఒడుపు ఇక్కడే అలవడి ఉంటే అక్కడ పనికివస్తాయి. వ్యవసాయ కుటుంబాల పిల్లలు తమ సొంత తోటల్లో ఒక్క సీజను శ్రద్ధగా పనిచేసి వెళ్లడం మేలు. ఆ ఎండ, ఆ వంగుడు తమ శరీరానికి సరిపడతాయో లేదో వీసా రుసుము కట్టకముందే తెలిసిపోతుంది.

చిల్డర్స్ నేర్పిన పాఠం

బస విషయంలో అద్దె ఒక్కటే చూడరాదు. 2000 జూన్ 23న చిల్డర్స్‌లోని ప్యాలెస్ బ్యాక్‌ప్యాకర్స్ హాస్టల్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 15 మంది యువతీయువకులు మరణించారు. వారిలో బ్రిటన్, నెదర్లాండ్స్, ఐర్లాండ్, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా దేశాలవారున్నారు. పండ్ల కోత పనులకని వచ్చేవారు బస చేసే పాత చెక్క భవనం అది. నిప్పు పెట్టిన వ్యక్తికి 2002లో యావజ్జీవ శిక్ష పడింది. అయితే ప్రాణనష్టం అంతగా పెరగడానికి అతడొక్కడే కారణం కాదు. అలారం వ్యవస్థ పనిచేయలేదు. కొన్ని కిటికీలకు చువ్వలున్నాయి. ఒక గదిలో బయటికి వెళ్లే తలుపుకు మంచం అడ్డంగా ఉంది. ఆ తరువాత క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం చౌక వసతి భవనాల అగ్నిభద్రత చట్టాన్ని కఠినం చేసింది.

కాబట్టి హాస్టల్‌లో సామాను దించకముందే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. బయటికి రెండు దారులున్నాయా? కిటికీ తెరుచుకుంటుందా? పొగ అలారం ఉందా? గదిలో మంచాలు ఎన్ని? పాస్‌పోర్టును తన దగ్గర ఉంచుకుంటానని నిర్వాహకుడు అంటే అంగీకరించరాదు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని చేతికి వెళ్లడం వల్లనే మనవారు ఎందరో తిరిగి రాలేక చిక్కుకున్నారు.

దగ్గరలోనే మరో దారి

సంపాదన కాక సాగు నేర్చుకోవడమే లక్ష్యమైతే సముద్రాలు దాటనక్కరలేదు. జహీరాబాద్ సమీపంలోని బిడకన్నెలో కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు 1999లో నెలకొల్పిన అరణ్య సంస్థ పొలంలోనే బస కల్పించి పర్మాకల్చర్ శిక్షణ ఇస్తూ వచ్చింది. అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు 2017లో హైదరాబాద్‌లో జరిగింది. అనంతపురం ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ బీడు భూమిని పచ్చగా మార్చి చూపింది. జగిత్యాల చెంతనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఇటువంటి చోట్ల వీసా బెడద లేదు. భాష బెడద లేదు. పొలం పని తన వల్ల అవుతుందా అన్న ప్రశ్నకు తక్కువ ఖర్చులో జవాబు దొరుకుతుంది.

బయలుదేరేముందు

బ్యాలెట్ నమోదు ఆస్ట్రేలియా హోంశాఖ అధికారిక వెబ్‌సైట్‌లో ఎవరికి వారే చేసుకోవచ్చు. ఇతర దేశాల్లో ఉద్యోగాల పేరుతో ఎవరైనా సంప్రదిస్తే ఆ ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయరాదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా విదేశీ ఉద్యోగాల సమాచారం పొందవచ్చు.

ఆస్ట్రేలియా చేరాక మొదట పన్ను సంఖ్య తీసుకోవాలి. పనిచేసిన ప్రతి రోజు తేదీ, తోట పేరు, గంటలు, కోసిన పెట్టెల సంఖ్య ఒక పుస్తకంలో రాసుకోవాలి. జీతం చీటీ లేకుండా నగదు తీసుకుంటే 88 రోజులకు ఆధారం ఉండదు. సొంత వ్యాపారి సంఖ్య తీసుకొమ్మని గుత్తేదారు ఒత్తిడి చేస్తే కూలీకి దక్కే హక్కులను ఎగ్గొట్టే ప్రయత్నమేమోనని అనుమానించాలి. క్వీన్స్‌లాండ్, విక్టోరియా వంటి రాష్ట్రాల్లో కూలీలను సరఫరా చేసే గుత్తేదారుకు లైసెన్సు తప్పనిసరి. దాన్ని చూపమని అడగవచ్చు. కూలి ఎగ్గొడితే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌ను 13 13 94 నంబరులో సంప్రదించవచ్చు. తిరుగు టికెట్టుకు సరిపడా సొమ్మును చివరిదాకా ముట్టుకోకుండా ఉంచుకోవడం అన్నింటికంటే ముఖ్యం. అది చేతిలో ఉన్నవాడే అన్యాయపు యజమానిని, అధ్వాన్నపు హాస్టల్‌ను వదిలి మరో ఊరికి బస్సెక్కగలడు.

ఈ వీసా ఒక్క ఏడాది అనుభవానికి ఉద్దేశించింది. ఇల్లు కట్టడానికో, చెల్లి పెళ్లి అప్పు తీర్చడానికో ఇది తగిన మార్గం కాదు. అప్పు చేసి వెళ్లినవాడు చెడ్డ పనిని వదులుకోలేడు. పొదుపు చేసుకొని వెళ్లినవాడు వదులుకోగలడు. తోటలో ఇద్దరూ కోసే కాయ ఒకటే అయినా, ఇద్దరి స్థితిలో తేడా అంతా అక్కడే ఉంది. పిల్లలను పంపే తల్లిదండ్రులు ఏజెంటు చెప్పే గంటకూలి లెక్క వినేముందు ఈ తేడాను ఒకసారి ఆలోచించడం మంచిది.